ట్రెయిలర్ కొనే ముందు సిలిండర్ దించండి

ఈసారి కార్తీక యాత్రకి ఒక వంట ట్రెయిలర్ చేయించాలి, దానికి ఇంటింటికీ చందా వేయాలి అని కార్యవర్గం పెట్టిన ప్రతిపాదన మీ అందరి ఫోన్లకి వచ్చే ఉంటుంది. దాని మీదే ఈ రాత. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి. మేము అంటే సోలాపూర్ నుంచి ఏటా పోయే యాత్ర బస్సులో సామాను ఎక్కించే, దించే ఏడుగురం. అయిదుగురు ఆడవాళ్ళం, ఇద్దరు మగవాళ్ళం. గ్రూపులో "మస్తు ఆలోచన" అని బొటనవేలు పెట్టినవాళ్ళలో ఆ బస్సు డిక్కీలోకి ఒక్కసారైనా తొంగి చూసినవాళ్ళు మాకు కనపడలేదు. అందుకే మాట కొంచెం గరుకుగా ఉంటే ఓర్చుకోవాలి.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో అందరికీ తెలుసు. అమెరికాలో ఉన్న మన పిల్లవాడొకడు గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. కారు వెనక తగిలించి లాక్కుపోయే చిన్న ఇల్లు, క్యాంపర్ ట్రెయిలర్ అంటారట. మన పాత చాళ్ళలో ఒక గది ఉన్నంత జాగాలో పొయ్యి, సింకు, పడక, నీళ్ళ ట్యాంకు. లాగితే వచ్చే అరలు, తలుపు వెనక సంచులు, మంచం కింద పెట్టెలు, గోడకి అయస్కాంతం పట్టీ, దానికి కత్తులు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, మాకూ నచ్చింది. కాని ఆ ట్రెయిలర్లో పోయేది మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. మన బస్సులో పోయేది యాభై మంది. ఆ వీడియోలో ఇంకో సంగతి కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. పొయ్యి దగ్గర నిలబడి గుడ్లు వేయిస్తున్నది మొగుడు.

మన కష్టమంతా జాగా లేకపోవడమే అని ప్రతిపాదనలో రాశారు. మేము ఒప్పుకోం. ముందు చిన్న బస్సులో పోయేవాళ్ళం, సామాను పట్టలేదన్నారు. పెద్ద బస్సు మాట్లాడారు, డిక్కీ రెండింతలైంది, సామాను కూడా రెండింతలైంది. పైన క్యారియర్ వేయించారు, అదీ నిండింది. ఇప్పుడు ట్రెయిలర్ వస్తే దాంట్లోకి రెండో డేక్సా, మూడో డేక్సా, ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా గుడ్డ వస్తాయి. రెండేళ్ళ తర్వాత ట్రెయిలర్ కూడా చాలడం లేదని ఇంకో ప్రతిపాదన వస్తుంది. జాగా ఎంత ఉందని కాదు, ఆ జాగా ఎవరి సామానుకి పోతోందని అడగాలి.

పోయినసారి ఎక్కించినవి మేము చీటీ మీద రాసుకున్నాం. తూకం వేసిన లెక్క కాదు, చేతితో ఎత్తిన లెక్క. మనిషికి ఒక సంచి, సగటున 15 కిలోలు అనుకుంటే యాభై మందికి 750 కిలోలు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు ఇరవై, 400 కిలోలు. బియ్యం, పప్పు, పిండి, నూనె కలిపి 200. డేక్సాలు, తపేలాలు, గరిటెలు, పళ్ళేలు 150. చద్దర్లు యాభై, ఒక్కోటి కిలోన్నర, అంటే 75. నిండు సిలిండర్లు రెండు, 60. ఇక సంఘం బ్యానర్లు, వాటి ఇనుప చట్రాలు, మైకు పెట్టెలు, జనరేటరు, శాలువాలు, మెమెంటోల అట్టపెట్టె కలిపి వంద కిలోలకి తక్కువ ఉండవు. మొత్తం 1,735 కిలోలు. ఇది మనుషులు ఎక్కకముందు బరువు.

ఈ బరువులో దేనికి మంచి జాగా దొరికింది? డిక్కీ తలుపు తీయగానే చేతికి అందే చోట బ్యానరు. ఎందుకంటే ప్రతి గుడి ముందూ ఫోటో దిగాలి కదా. దాని పక్కన మెమెంటోలు, పగలకుండా చద్దర్ల మధ్య మెత్తగా. ముసలివాళ్ళ మందుల సంచి మూడో వరసలో, నీళ్ళ క్యాన్ల వెనక. ఆడపిల్లల బట్టల సంచులు క్యారియర్ మీద, తాడు కట్టి. రాత్రి పూట ఒక పిల్ల సంచి కావాలంటే క్లీనర్ని లేపి, బస్సు ఎక్కించి, తాడు విప్పించాలి. ఏ పిల్ల అడుగుతుంది? నోరు మూసుకుని తెల్లారేదాకా కూర్చుంది. ఇన్సులిన్ డబ్బా కూడా డిక్కీలోనే పెట్టించారు, "పైన జాగా లేదు" అని. ఎండలో నిలబడ్డ బస్సు డిక్కీ ఎంత వేడెక్కుతుందో చెయ్యి పెట్టి చూసినవాళ్ళకి తెలుసు. ఆ వేడికి ఇన్సులిన్ పాడవుతుంది. పాడైన మందు సూదిలో ఎక్కించుకుంటే నీళ్ళు ఎక్కించుకున్నట్టే, పైగా మందు వేసుకున్నామన్న ధీమా ఒకటి.

ఇక సిలిండర్ల సంగతి. వాటికి డిక్కీలో జాగా చాలక వెనక చివరి సీటు కింద పడుకోబెట్టారు. పక్కనే అత్యవసర తలుపు. ఆ తలుపుకి అడ్డంగా బియ్యం బస్తా. దారిలో ఎవరైనా ఆపి చూస్తారని సిలిండర్ల మీద చద్దరు కప్పారు. మన సోలాపూర్ చద్దరే. దేశమంతా పేరున్న చద్దరు, మన తాతలు, నాన్నలు కళ్ళు పోగొట్టుకుని నేసిన చద్దరు, దొంగ సరుకు దాచడానికి పనికొచ్చింది.

సిలిండర్ని పడుకోబెట్టకూడదని గ్యాసు తెచ్చే పిల్లవాడు కూడా చెప్తాడు. నిలబెడితే కింద ద్రవం, పైన ఆవిరి, మూత దగ్గర ఆవిరి మాత్రమే ఉంటుంది. పడుకోబెడితే ద్రవమే మూత దగ్గరకి వస్తుంది. అక్కడ కారితే, అదే సందులోంచి ఎన్నో రెట్లు గ్యాసు బయటికి వస్తుంది. వంట గ్యాసు గాలికన్నా బరువు. పొగలాగా పైకి పోయి కిటికీలోంచి వెళ్ళిపోదు, నేల మీద పాకుతుంది, సీట్ల కింద, డిక్కీ మూలల్లో నిలబడుతుంది. సరిగ్గా మన పిల్లలు సీట్ల మధ్య చద్దరు పరుచుకుని పడుకునే చోట.

2023 ఆగస్టు 26న తెల్లవారుజామున మదురైలో ఏమైందో గుర్తుందా? ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన యాత్రికుల బోగీ, స్టేషన్ యార్డులో నిలిపి ఉంది. లోపలికి చాటుగా తెచ్చుకున్న సిలిండరుతో టీ పెట్టుకోబోయారు. తొమ్మిది మంది పోయారు. వాళ్ళూ మనలాంటివాళ్ళే, రామేశ్వరం చూడాలని బయలుదేరిన ముసలివాళ్ళు, మధ్య వయసువాళ్ళు. వాళ్ళకీ బయట తిండి పడదు, వాళ్ళ సంఘంలో కూడా ఎవరో "ఏం కాదులే" అని ఉంటారు. రైల్లో సిలిండర్ తీసుకుపోవడం చట్టప్రకారం నేరం, మూడేళ్ళ జైలు దాకా ఉంది. ఆ చట్టం వాళ్ళని ఆపలేదు.

ఇంకోటి మనకి మరీ దగ్గర. 2025 అక్టోబర్ 24న తెల్లారకముందు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు కాలిపోయింది. రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్ బస్సు కిందకి వచ్చి నిప్పు పుట్టింది. 19 మంది ప్రయాణికులు బస్సులోనే పోయారు. కింద సామాన్ల అరలో సెల్‌ఫోన్ల పార్సిల్ ఉందని, వాటి బ్యాటరీలు మంటని పెంచాయని పత్రికలు రాశాయి. నిద్రపోతున్న ప్రయాణికులకి తమ కింద ఏముందో తెలియదు. మన బస్సులో మాత్రం మనకి తెలుసు. రెండు సిలిండర్లు, జనరేటరు కోసం అయిదు లీటర్ల పెట్రోల్ డబ్బా, కర్పూరం పెట్టెలు, నేతిలో తడిపిన 365 వత్తుల కట్టలు ఇంటికొకటి. కార్తీక పౌర్ణమికి వత్తులు వెలిగించడం పుణ్యమే. అవన్నీ పెట్రోల్ డబ్బా పక్కన, అట్టపెట్టెలో, వేడి డిక్కీలో పెట్టుకుపోవడం ఏ పురాణంలో రాసి ఉంది?

"ముప్పై ఏండ్ల సంది పోతున్నం, ఏం కాలేదు" అంటారు పెద్దలు. వాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. అయినా చెప్తాం: మదురై బోగీలో ఉన్నవాళ్ళకి కూడా 25వ తారీఖు రాత్రి దాకా ఏమీ కాలేదు.

సరే, సిలిండర్ బస్సులో వద్దనే కదా ట్రెయిలర్ చేయిస్తున్నది, మీరే ఒప్పుకున్నట్టు కదా అని కార్యవర్గంలో ఒక అన్న అన్నాడు. మంచి మాటే. అందుకే ట్రెయిలర్ గురించి కూడా కనుక్కున్నాం. మనకి ఏటా బస్సు కిరాయికిచ్చే ఆయన్ని ఫోన్లో అడిగాం. బస్సు వెనక కొక్కెం వెల్డింగ్ చేయనివ్వను, పర్మిట్ నా పేరు మీద ఉంది, ఏదైనా అయితే నేను పోవాలి అన్నాడు. ఆయన తప్పేం లేదు. మోటారు వాహనాల చట్టంలో ట్రెయిలర్ కూడా మోటారు వాహనం కిందకే వస్తుంది. దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే కాగితాలు. షెడ్డులో మనకి తెలిసిన వెల్డరు చేత డబ్బా చేయించి, చక్రాలు తగిలించి, వెనక కట్టుకుని మహారాష్ట్ర నుంచి తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక తిరిగొస్తామంటే కుదరదు. ఇంతా అయ్యాక ఘాట్ రోడ్డు ఉంది. శ్రీశైలం నల్లమల మలుపుల్లో బస్సు ఒక్కటే తిరగడానికి డ్రైవరు రెండు చేతులూ పెట్టి తిప్పుతాడు. దాని వెనక తోక కూడానా?

ఆ వీడియోలో అరల అందం చూపించారు గాని అసలు విద్య అరల్లో లేదు, బరువులో ఉంది. ట్రెయిలర్లో బరువంతా వెనక పెడితే దాని ముందు భాగం తేలిపోతుంది, రోడ్డు మీద తోక ఊపుతుంది, వేగం పెరిగేకొద్దీ లాగే బండిని కూడా ఊపేస్తుంది. బరువైనవి కింద, ఇరుసు మీద, ఇరుసుకి కాస్త ముందు ఉండాలి. మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద పడేటట్టు చూసుకోవాలి. పక్కలు సమానంగా ఉండాలి, ఒక పక్క బియ్యం, ఒక పక్క అట్టపెట్టెలు అయితే మలుపులో ఒరుగుతుంది. నీళ్ళ ట్యాంకు సగం నిండి ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా నీళ్ళు ముందుకీ వెనక్కీ కొడతాయి. రెండు వందల లీటర్లంటే రెండు వందల కిలోలు, అది కదిలే బరువు. ప్రతి అరకీ గొళ్ళెం ఉండాలి, లేకపోతే మొదటి గుంతలోనే పప్పు, కారం, నూనె ఒకటవుతాయి. సిలిండరుకి లోపల చోటు పనికిరాదు. గదికి సంబంధం లేకుండా, కింద రంధ్రాలున్న పెట్టెలో, నిలబెట్టి పట్టీతో బిగించాలి, కారినా గ్యాసు కిందకి పోయేటట్టు. ఇవన్నీ చేసేవాళ్ళు ప్రతి ప్రయాణానికి ముందు తూకం చూసుకుంటారు. మన దగ్గర తూకం చూసేది ఎవరు? బయలుదేరే రాత్రి పదకొండింటికి "ఇదొక్కటి పెట్టమ్మా" అని సంచి తెచ్చేవాళ్ళకి ఎవరు వద్దంటారు? చెప్పే ధైర్యం మా ఏడుగురికే లేకపోతే ట్రెయిలరుకి ఎక్కడినుంచి వస్తుంది?

ఇవన్నీ పక్కన పెట్టినా, మా అయిదుగురికి ట్రెయిలర్ అంటే వేరే భయం ఉంది. వంటిల్లు వెనకే వస్తుంది. ఇంట్లో వంటిల్లు ఇంట్లోనే ఉంటుంది, గడప దాటితే నాలుగు రోజులైనా తప్పుతుంది. ట్రెయిలర్ ఉంటే పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు, రెండు కూరలు, సాయంత్రం టీ, రాత్రి రొట్టెలు. మనలో సగం మంది ఆడవాళ్ళు ఏడాదంతా ఇంట్లో బీడీలు చుట్టి, చీటీ కట్టి, యాత్ర డబ్బు జమ చేసుకుంటారు. పని పోయినన్ని రోజులు కూలీ లేదు. అలా వచ్చిన ఆడమనిషి శ్రీశైలంలో దర్శనం వరసలో నిలబడ్డది ఒక పూట, సత్రం వెనక పీట వేసుకుని ఉల్లిగడ్డలు కోసింది రెండు పూటలు. "మన ఆడవాళ్ళ చేతి వంట" అని సభలో పొగిడి శాలువా కప్పుతారు. ఆ శాలువా తెచ్చిన పెట్టె బరువు కూడా మేమే మోశాం.

వంట వద్దంటే తిండి ఎట్లా అని అడుగుతారు. బయట తిండి పడదు, కార్తీక సోమవారం ఉపవాసాలుంటాయి, షుగరు ఉన్నవాళ్ళు వేళకి తినాలి. న్యాయమైన మాటలే. కాని మనం పోయేది ఎక్కడికి? శ్రీశైలంలో దేవస్థానం అన్నదానం ఉంది, మన పద్మశాలీల అన్నసత్రం ఉంది. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వేలమంది రోజూ కూర్చుని తింటారు, ఉచితంగా. మంత్రాలయంలో మఠం భోజనం ఉంది. మూడు చోట్లా వేడి అన్నం ఆకులోకి వడ్డిస్తుంటే, మనం బియ్యం బస్తా, డేక్సా, సిలిండరు మోసుకుని వందల కిలోమీటర్లు పోయి, ఆ అన్నసత్రం వెనక పొయ్యి పెట్టుకున్నాం. దేవుడి ప్రసాదం కన్నా మన సాంబారు గొప్పదా?

దారిలో తినడానికి మన ఊళ్ళో దొరికినంత మంచి తిండి ఇంకెక్కడా లేదు. కడక్ జొన్నరొట్టె. పలచగా అట్టలాగా కాల్చి ఆరబెట్టింది, వారాలు నిలువ ఉంటుంది, విరిస్తే పటపటమంటుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. దాని మీదకి పల్లీల చట్నీ పొడి, గానుగ నూనె నాలుగు చుక్కలు. ఊరంతా దుకాణాల్లో కట్టలు కట్టి అమ్ముతారు, ముంబై, పుణె నుంచి వచ్చినవాళ్ళు సంచులు నింపుకుపోతారు. మనం మాత్రం యాత్రకి పోయేటప్పుడు దాన్ని ఇంట్లో పెట్టి ఉల్లిగడ్డల బస్తా ఎత్తుకుంటాం. సత్తుపిండి ఉంది, అటుకులున్నాయి, సకినాలు, చెక్కలు ఉన్నాయి. పులిహోర పులుసు ఇంట్లోనే మరగబెట్టి సీసాలో పోసుకుంటే, సత్రంలో దొరికిన ఉత్త అన్నంలో కలుపుకోవచ్చు. చంటిపిల్లలకి, ముసలివాళ్ళకి రెండు పెద్ద ఫ్లాస్కులు, పొద్దున టీ కొట్టు దగ్గర వేడినీళ్ళు నింపించుకుంటే మధ్యాహ్నం దాకా చాలు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి సోలాపూర్ మిల్లులకి వచ్చిన మన ముసలివాళ్ళు పుట్టింటికి పోయి వచ్చేటప్పుడు కట్టుకున్న మూట ఎంతుండేది? ఒక చద్దరు, ఒక చెంబు, రొట్టెలు. దారిలో ఆకలితో పోయినవాళ్ళు లేరు.

వంట తీసేస్తే లెక్క ఎంత మారుతుందో చూడండి. సిలిండర్లు, గిన్నెలు, దినుసులు కలిపి 410 కిలోలు దిగిపోతాయి. నీళ్ళ క్యాన్లు ఇరవై తీసుకుపోయింది వంటకీ, గిన్నెలు తోమడానికీ. తాగడానికి ఆరు చాలు, అయిపోయినచోట నింపుకోవచ్చు. ఇంకో 280 కిలోలు తగ్గుతాయి. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఎలాగూ నిషేధం, స్టీలు సీసా మనిషికొకటి ఉంటే అక్కడ కుళాయిలకి కొదవ లేదు. జనరేటరు దేనికో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సత్రంలో కరెంటు ఉంటుంది, మైకు పెట్టి ఉపన్యాసం వినాలని శ్రీశైలం ఎవరూ రారు. సంఘం బ్యానరు కావాలంటే చుట్టిపెట్టే గుడ్డ బ్యానరు ఒకటి చాలు. మనం నేతగాళ్ళం, గుడ్డ మీద పేరు నేయించుకోలేమా? ఫ్లెక్సు, ఇనుప చట్రం ఎందుకు?

ఏడు క్వింటాళ్ళు తగ్గాక, ఆ బస్సుకి ట్రెయిలరూ వద్దు, పైన క్యారియరూ వద్దు. ఘాట్ రోడ్డులో నెత్తి మీద బరువున్న బస్సు ఎట్లా ఊగుతుందో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి తెలుసు. డిక్కీలో కూడా బరువైనవి రెండు ఇరుసుల మధ్య అరల్లోకి రావాలి. వెనక చక్రాల అవతల, బస్సు తోకలో బరువు కుక్కితే ముందు చక్రాల మీద పట్టు తగ్గుతుంది, స్టీరింగు తేలికవుతుంది. ఇది డ్రైవరు ప్రతి ఏడూ చెప్తున్నాడు, "అట్లనే పెట్టు భయ్యా" అని మనవాళ్ళు ప్రతి ఏడూ అంటున్నారు.

సర్దడం అంటే నింపడం అనుకుంటున్నారు. నేతగాడి ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది చెప్పాలా? పడుగు పోసేటప్పుడు ఏ పోగు ఏ వరసలో రావాలో ముందే అనుకుని పోస్తాం. సామానుకీ అంతే, చివర దిగేది ముందు ఎక్కాలి. మన దారిలో మొదటి రాత్రి శ్రీశైలం, ఆఖరి మజిలీ మంత్రాలయం. మంత్రాలయంలో కట్టుకునే బట్టలు అడుగున, శ్రీశైలం స్నానానికి కావలసినవి పైన. దీనికి ప్రతి ఇంటివాళ్ళూ రెండు సంచులు చేసుకోవాలి, ఒకటి కిందకి, ఒకటి సీటు దగ్గరికి. సీటు సంచిలో ఒక జత బట్టలు, మందులు, ఆడవాళ్ళకి కావలసినవి, రొట్టెలు, ఒక చద్దరు. ఇన్సులిన్ ఎప్పుడూ మనిషి దగ్గరే, చల్ల సంచిలో, కిటికీ ఎండ తగలని వైపు. అలిపిరి దగ్గర ఎలాగూ అందరూ సంచులతో సహా దిగి తనిఖీలోంచి నడవాలి. పోయినసారి అక్కడ కింది సంచులన్నీ దించి, ఏది ఎవరిదో తెలియక, ఒకే రకం నల్ల బ్యాగులు పదకొండు బయటపడి గంటన్నర పోయింది.

సంచుల మీద పేర్లు రాయమంటే ఒక చిక్కు వచ్చింది, ఇది కాస్త పక్క మాట. తెలుగులో రాస్తే మరాఠీ మీడియంలో చదివిన మన పిల్లలకే చదవరాదు, మరాఠీలో రాస్తే కొందరు ముసలమ్మలకి చదవరాదు. క్లీనరుకి రెండూ అంతంత మాత్రమే. చివరికి మా అక్క ఒకరు పవర్‌లూమ్ షెడ్డులోంచి రంగు రంగుల అంచు గుడ్డ పీలికలు తెచ్చింది. ఎర్ర పీలిక శ్రీశైలంలో దిగేది, పచ్చది తిరుపతిలో, నీలం మంత్రాలయంలో, తెల్ల పీలిక కట్టింది మందులు, ఎప్పుడూ ముందు ఉండాలి. పైసా ఖర్చు లేదు. తెలుగు చదవడం రాకపోవడం వేరే పెద్ద బాధ, దాని మీద ఇంకోసారి రాస్తాం.

ఆలస్యం అంటే ఏమిటో కూడా చెప్పాలి. పోయినసారి బస్సు రెండు గంటలు లేటుగా కదిలింది. ఎందుకంటే మెమెంటోల పెట్టె పైన ఉండాలని మొత్తం దించి మళ్ళీ ఎక్కించారు. ఆ రెండు గంటల వల్ల మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దగ్గరకి రాత్రి తొమ్మిది దాటాక చేరాం. పులుల అడవి కాబట్టి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లని పంపరు, అది అందరికీ తెలిసిన నియమమే. రాత్రంతా యాభై మంది బస్సులో, వెనక సీటు కింద రెండు సిలిండర్లు, బయట పొగతాగేవాళ్ళు. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు సామాను పెరుగుతుందని కూడా ఎవరూ లెక్క వేయరు. లడ్డూలు, బొమ్మలు, ఇత్తడి దీపాలు, కోడళ్ళకి చీరలు. పోయేటప్పుడే డిక్కీ మూతపడకుండా నిండితే ఇవన్నీ నడిచే దారిలోకి వస్తాయి, అత్యవసర తలుపు ముందుకి వస్తాయి. అందుకని పోయేటప్పుడు డిక్కీలో మూడో వంతు ఖాళీగా ఉండాలి. ఖాళీ కనపడగానే మనవాళ్ళకి చేతులు దురద పెడతాయి. దురద పెట్టనివ్వండి, మేము అక్కడే నిలబడి ఉంటాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది. మనుషులు ప్రయాణించే బండిలో సిలిండరు, పెట్రోలు ఎక్కవు. కర్పూరం, వత్తులు మూత ఉన్న స్టీలు డబ్బాల్లో, సీట్లకి దూరంగా వస్తాయి. అత్యవసర తలుపు ముందు, నడిచే దారిలో ఒక్క సంచి కూడా ఉండదు. కింది సంచి మనిషికి పది కిలోలు, సీటు సంచి మూడు. బయలుదేరే రోజు సంఘం ఆఫీసు గుమ్మం దగ్గర నూలు తూచే కాటా పెడతాం. అధ్యక్షుల సంచి మొదట తూస్తాం, తర్వాత మిగతావాళ్ళవి. సామాను ఎక్కడ పెట్టాలో ఎక్కించేవాళ్ళ మాటే చెల్లుతుంది. ట్రెయిలర్ చందా ఇప్పటికే ఇచ్చినవాళ్ళకి తిరిగి ఇవ్వాలి, లేదా వాళ్ళు ఒప్పుకుంటే అన్నదానాలకి వాళ్ళ పేరు మీద కట్టాలి.

మా మాట తప్పనుకునేవాళ్ళు సభకి రండి, ముందుగా ఒక పని చేసి రండి. మీ ఇంట్లో నిండు సిలిండర్ని మంచం కింద పడుకోబెట్టి, మీద చద్దరు కప్పి, ఆ మంచం మీద మీ మనవడిని పడుకోబెట్టండి. ఒక్క రాత్రి.

తీర్మానానికి మద్దతు ఇచ్చేవాళ్ళు సంతకాల కాగితం మీద చేయి చేసుకోవచ్చు, కాగితం ఆఫీసు బల్ల మీద ఉంది. సంతకం రానివాళ్ళ వేలిముద్రకీ అంతే విలువ. మందులు వాడే పెద్దవాళ్ళ జాబితా ఫోన్లో అడగం, ఈ వారంలో ఇంటింటికీ మేమే వస్తాం. తెల్ల పీలికలు కూడా అప్పుడే ఇచ్చిపోతాం.